నల్లతల పిట్టలు, ఎర్రతల పిట్టలు

పొద్దున కళ్యాణదుర్గం దారిలో జొన్నచేను మీంచి పసుపు పొట్టల పిట్టల గుంపు ఒక్కసారిగా లేచింది. ఆకాశం నిండా పసుపు చల్లినట్టయింది. బండి ఆపి అట్లే నిలబడిపోయాను.

మంచె ఎక్కి వడిసెల తిప్పినవాళ్ళకు ఈ చలికాలపు చుట్టాలు గుర్తుండే ఉంటారు. రెండు జాతులు కలిసే వస్తాయి; మగవాటిలో ఒక జాతికి నల్లతల, ఇంకో జాతికి ఎర్రతల. ఆడవి మాత్రం అన్నీ ఒకే మట్టిరంగు.

చిన్నప్పుడు మా చేనికి నేనూ, మా మామ కూతురు సరోజా కాపలా. నేను వడిసెల ఎత్తితే చెయ్యి పట్టుకునేది.

"ఉండు బావా, వాలనీ! ఏది ఏదో చూడల్లా."

"ఆడవాటిని ఎట్ల కనుక్కుంటావు?"

"యా మగపిట్ట పక్కన వాలితే ఆ జాతి. అంతే."

కింద నుంచి నాయన అరిచేవాడు. "పిట్టల్ని తోలమంటే వాటికి పెండ్లిండ్లు చేస్తాండారా?"

ఆ సరోజనే పెండ్లి చేసుకున్నాను. ప్రతి చలికాలం ఇద్దరం ఈ గట్ల మీద పిట్టల్ని చూస్తూ తిరిగేవాళ్ళం. మొన్న ఎండాకాలంలో ఆమె పోయింది.

ఈ పొద్దు గుంపంతా వెళ్ళిపోయాక ఒక మట్టిరంగు పిట్ట వెనక్కి వచ్చి, ఎదురుగా కంకి మీద వాలింది. దాని పక్కన మగపిట్ట లేదు. ఏ జాతో అడుగుదామని పక్కకు తిరిగాను.