దూకే మీట లేని కంప్యూటరు

కుప్పంలో కూతురింట్లో ఉంటున్న మా సార్ చనిపోయారని పోయిన మంగళవారం ఫోనొచ్చింది. అప్పుడు నేను మదనపల్లె షెడ్డులో లారీ కింద పడుకొని బోల్టులు విప్పుతున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చేతిలోని స్పానరు విసిరికొట్టాను. ఆయనకు నేనొక మాట చెప్పాల్సి ఉండింది. రేపు, ఎల్లుండి అంటూ చెప్పకుండానే మిగిలిపోయాను.

సార్ విమానదళంలో మెకానిక్కు. విమానం నడిపిన మనిషి కాదు. బిగించి, పైకి పంపి, అది తిరిగొచ్చేదాకా కింద నిలబడిన మనిషి. రిటైరయ్యాక పుంగనూరు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు పెట్టారు. నాలుగే కంప్యూటర్లు. పక్క సందులోని షెడ్డులో పనిచేసే నేను, పది తప్పినవాణ్ని, అన్నం తిని ఆ గ్రీజు చేతులతోనే వెళ్లి యుద్ధవిమానం ఆట ఆడేవాణ్ని. శత్రువు కొట్టాడా, ఇంగ్లీషు 'ఇ' మీట మూడుసార్లు నొక్కితే చాలు. పైలట్ పారాషూట్‌తో దూకేస్తాడు, విమానం ఎక్కడో కూలుతుంది, మళ్లీ కొత్తది వస్తుంది. అందరూ అలాగే ఆడేవాళ్లు.

ఒకరోజు వెనక నిలబడి చూస్తున్న సార్ అడిగారు.

"యాల దూకినావప్పా? రెక్క ఉండాది, ఇంజను తిరగతాండాది."

"ఆటే కదా సార్. ఇంగోటి వస్తాది."

"నీకు వస్తాది. దాన్ని బిగించినోడు కింద ఎదురుసూస్తాంటాడే, వానికి?"

మర్నాటికి మూడో నంబరు కంప్యూటరులో ఆ మీట లేదు. స్క్రూడ్రైవరుతో పెకలించి జేబులో వేసుకున్నారు. నేను అరిచాను. నాకంటే ఎక్కువగా మెయిలు పంపడానికొచ్చిన టమాటా వ్యాపారి అరిచాడు.

"ఆ అక్షరం లేకుండా మెయిలు ఎట్ల కొట్టేది సార్?"

"నువ్వు రెండోదాంట్లో కూసోప్పా. ఇది దూకనోళ్లకి" అన్నారు సార్.

అలా ఆ కంప్యూటరు నాకొక్కడికే మిగిలింది. దెబ్బతిన్న విమానంలో ఎడమ చక్రం బయటికి రాదు. కుడి చక్రం మీద దిగి, వేగం పోయేదాకా ఎడమ రెక్కను పైకి పట్టుకోవాలి. ఏడాదిపాటు కూల్చాను. ఒకసారి రన్‌వేకు ముందే, ఒకసారి దాటిపోయి, ఒకసారి బొక్కబోర్లా. బల్ల గుద్దేవాణ్ని. "దాని ఎంటబడొద్దు. నింపాదిగా రా, రన్‌వేనే నీకాడికి వస్తాది" అనేవారు. ఆ నింపాది మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఇక కరెంటు సరేసరి. సరిగ్గా దించే సమయానికే పోయేది. ముసలి యూపీఎస్ నాలుగు నిమిషాలు కీచుమని చచ్చిపోయేది.

నేను కూల్చిన ప్రతిసారీ సార్ వంగి, తెర అద్దం మీద వేలు పెట్టి విమానం చుట్టూ తిప్పేవారు. ముక్కు, కుడి రెక్క, తోక, ఎడమ రెక్క, చివర చక్రాలు. ఉద్యోగంలో రోజూ విమానం చుట్టూ అదే వరసలో నడిచేవారట.

"కూలినదానికి గూడా చెకింగా సార్?"

"కూలినదానికే బాగా సూడాలప్పా."

చక్కెర జబ్బుతో ఆయన చూపు తగ్గింది. సెంటరు మూసేసిన రోజు, కూతురు సామాను ఆటోలోకి ఎక్కిస్తుంటే, సార్ మూడో నంబరు మాత్రం విప్పనివ్వలేదు. "ఇంగోసారి కూసో" అన్నారు. కూర్చున్నాను. విమానం కిందికి వస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. కుడి చక్రం నేలను తాకింది. రెక్క పట్టుకున్నాను. వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, ఎడమ రెక్క మెల్లగా నేల మీదికి వాలుతోంది. తెర నల్లబడింది.

"దిగినాది" అన్నారు సార్.

"యాడ దిగింది? మీకు కండ్లే సరిగా కనపడవు, మీరేం సూసినారు? నన్ను సముదాయించొద్దండి!"

అంత మాట అన్నాను. పోయొస్తానని కూడా చెప్పకుండా లేచాను.

తర్వాత మదనపల్లెకు వచ్చేశాను. ఇక్కడొక సెంటరులో అదే ఆట కనబడింది. అందులో 'ఇ' మీట ఉంది. నేను నొక్కలేదు. ఎడమ రెక్క అప్పట్లాగే, అదే వేగం దగ్గర వాలింది. నేలకు రాసుకుంటూ కొంచెం జరిగి, విమానం ఆగిపోయింది. అంతే. రెక్క అలా వాలిందంటే, కూలడానికి కావలసిన వేగం ఇక మిగల్లేదన్నమాట. అంటే ఆ రోజు కూడా దిగింది. ఎన్ని విమానాల కోసం ఎదురుచూసిన మనిషో, ఆయనకు తెలియకుండా ఉంటుందా? 'సార్, దిగింది, మీరు చెప్పిందే నిజం' అని చెప్పడానికి కుప్పం ఎంత దూరం? సిగ్గుతో రెండేళ్లు వెళ్లలేదు. మొన్న వెళ్లేసరికి అంతా అయిపోయింది.

పుంగనూరులో ఆ రోజు గుమ్మం దిగుతూ ఒకసారి వెనక్కి చూశాను. సార్ నా కుర్చీలో కూర్చున్నారు. కరెంటు లేని ఆ నల్లటి అద్దం మీద ఆయన వేలు తిరుగుతోంది. ముక్కు, కుడి రెక్క, తోక, ఎడమ రెక్క. ఎడమ చక్రం ఉండాల్సిన చోట ఆగింది.

"ఇదొక్కటి మార్సితే సాలు" అంటున్నారు, ఎవరితోనో.