తెర మీద నాన్న

చిన్నప్పుడు ఆయుధపూజంటే నాకు బొరుగులు, బెల్లం, గేటు ముందు పగిలే గుమ్మడికాయ. షోళింగనల్లూరులో కంప్యూటర్ల ఉద్యోగానికి కుదిరాక ఆ పండగంటే గుబులు పట్టుకుంది. ఏడాదంతా ఆగకుండా తిరిగే మిషన్లను ఆ ఒక్కరోజు భక్తిగా ఆపేస్తారు. మళ్ళీ ఎలా లేస్తాయో మాత్రం ఎవరూ చూడరు.

నాన్న ఎన్నూరులో చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు. రోజూ అమ్మోనియా గ్యాసు ఉండే గదిలోకి పోయి వాల్వులు చూసుకోవాలి. లోపల మనిషి ఉన్నంతసేపూ బయట ఒకరు కెమెరా తెర ముందు కూర్చోవాలని అక్కడి కట్టడి. గ్యాసు లీకై మనిషి తూలితే సైరన్ నొక్కాలి. ఆ కూర్చునేది మా చిన్నాన్న. నాన్న ప్రాణం ఆ తెరను నమ్ముకునే ఉంది.

ఒక విజయదశమి ఉదయం నేను ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళేసరికి కెమెరా కంప్యూటరుకు పసుపు, కుంకుమ, చామంతి దండ. ముందురోజు ఆపి, పూజ చేసి, మంచి ఘడియ చూసి అప్పుడే మొదలుపెట్టారు. తెర మీద నాన్న వాల్వు దగ్గర వంగి ఉన్నాడు. చిన్నాన్న బొరుగులు నములుతూ కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"ఏమ్మా, ఎప్పుడొచ్చినావు?"

వెనక్కి తిరిగాను. గుమ్మంలో నాన్న, చేతులు తుడుచుకుంటూ. తెర మీద ఇంకా వాల్వు దగ్గరే ఉన్నాడు.

"ఏంది అన్నా, ఆడా ఉండావు, ఈడా ఉండావే!" అని నవ్వబోయిన చిన్నాన్న మధ్యలోనే ఆగిపోయాడు.

కూర్చుని చూశాను. ఆ లినక్స్ పెట్టె ఒక్కటే రెండు కంప్యూటర్లలా నడుస్తుంది, బొమ్మను తెరకెక్కించే గ్రాఫిక్స్ కార్డులూ రెండు. గట్టిది కెమెరాల వర్చువల్ మిషన్‌కి, ముసలిది ఆఫీసు మిషన్‌కి. ఎవరు అమర్చారో గానీ కార్డ్ సున్నా, కార్డ్ ఒకటి అనే పేర్లతోనే వాటిని మిషన్లకు కట్టారు. రేషన్ కొట్టు దగ్గర ముందొచ్చినవాడికి మొదటి టోకెన్ ఇచ్చినట్టు, ఏది ముందు లేస్తే దానికి మొదటి పేరు పోతుంది. ఇన్నాళ్ళూ ఆపలేదు కాబట్టి మారలేదు. పూజ తర్వాత లేచినప్పుడు పేర్లు తారుమారై, కెమెరాలకు ముసలి కార్డు వచ్చింది. అది కెమెరా బొమ్మలను ఈడ్చుకుంటూ, పోనుపోను ఇంకా వెనకబడుతోంది; తెరమూల గడియారం గోడ గడియారం కంటే నిమిషాల వెనక ఉంది.

మిషన్ ఆపబోతుంటే యజమాని అడ్డుపడ్డాడు. "పూజ చేసి స్టార్ట్ చేసింది, ఈ పొద్దు ఆపకూడదుమా. తెర బాగానే వచ్చింది కదా. రేప్పొద్దున చూసుకుందాం, సరియా?"

"అయితే రేపటిదాకా మా నాన్న లోపలికి పోడు," అన్నాను. పండగపూట పెద్దాయనతో అలా మాట్లాడినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. కెమెరాల మిషన్ ఆపి, గట్టి కార్డు పెట్టెలో ఏ స్లాటులో, అంటే ఏ గాడిలో దిగి ఉందో ఆ చోటునే దాని పేరుగా రాశాను. ఏది ముందు లేచినా స్లాటు మారదు. మళ్ళీ మొదలుపెట్టాక తెరమూల గడియారం గోడ గడియారంతో కలిసింది.

చిన్నాన్న కుర్చీలోంచి లేవలేదు. "అన్న పడిపోయుంటే నాకు కనపడేదే కదమ్మా," అన్నాడు మెల్లగా.

"కనపడేదే చిన్నాన్నా. అంతా అయిపోయినాక."

ఆయన బొరుగుల పొట్లం పక్కన పెట్టేశాడు.

మధ్యాహ్నం నాన్న మళ్ళీ లోపలికి వెళ్ళాడు. తెర సరిగ్గా ఉందని నాకు తెలుసు, సరిచేసింది నేనే. అయినా దాని ముందు కూర్చోలేకపోయాను. పోయి ఆ గది తలుపు దగ్గర నిలబడి, నాన్న బయటికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.