గోడకి చూపించిన వేపపూత

బడిలో ఉన్నన్నాళ్లూ నేను వేసింది ఒకటే బొమ్మ, గేదె. డ్రాయింగు మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బెంచీ బాగా కుదిరిందిరా" అన్నారు. ఎనిమిదితో బడి మానేసినవాణ్ణి, బొమ్మల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు, ఒప్పుకుంటాను. అయినా మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర మా మనవరాలు వెళ్లే పెయింటింగు క్లాసులో, 'వసంతకాలపు పూలు, మొదటి పాఠం' అంటూ గోడకి అంటించిన పసుప్పచ్చ బాకాల్లాంటి పూలు చూసేసరికి ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఇవేనా! యాభై ఏళ్లయినా నన్ను వదలవా?

డెబ్బైల్లో హనుమాన్ జంక్షన్‌లో నాకు సైకిళ్ల షాపు ఉండేది. మడ్‌గార్డుల మీద పేర్లు రాసేవాణ్ణి. ఆ ధైర్యంతో, ఈస్టరుకి మా చర్చి వేదిక వెనక కట్టే తెర మీద పూలు నేను వేస్తానన్నాను. పాస్టరమ్మ గారు ఎవరో దొరసాని పంపిన పాత గ్రీటింగు కార్డు నా చేతిలో పెట్టి, "వసంతకాలం పూలు నాయనా, ఇలాగే దించెయ్యి" అన్నారు. ఆ బాకా పూలు మా డెల్టాలో ఏ గట్టు మీద పూశాయండీ? షాపు ముందు వేపచెట్టు విరగబూసి నా రంగు డబ్బాల్లోకే రాలుతుంటే, కంటితో చూడని పూలు గీయమంటారా? నాలుగు సాయంత్రాలు కూర్చుని, ఆకుల మధ్య వేపపూతే వేశాను. కుంచెతో పేర్లు కాక బొమ్మ వేయడం అదే మొదలు. ఆకులు కాస్త చేపల్లా వచ్చిన మాట నిజమే. పువ్వుకి అయిదు రేకులు మాత్రం ఎక్కడా తప్పలేదు. కూలికి వెళ్లే మా అమ్మ చర్చిలో ఎప్పుడూ ఆఖరి చాప మీదే కూర్చునేది. "ఈసారి ముందు కూర్చో, నీ కొడుకు పనితనం చూద్దువుగాని" అని చెప్పాను.

ఈస్టరు పొద్దున వెళ్లి చూస్తే, తెర తిరగేసి కట్టారు! ఇవతలికి ఇంకిన పచ్చ మరకల మీద, కాగితంతో చేసిన ఆ బాకాలు గుచ్చారు. ముందు చాప మీంచి అమ్మ వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా, "ఏయిరా నీ పూలు?" అంది. "గోడకి చూపిస్తున్నారమ్మా" అన్నాను. పక్కవాళ్లు నవ్వారు. అమ్మ నవ్వలేదు.

ఆరాధన అవగానే పాస్టరమ్మ గారిని గుమ్మంలోనే నిలదీశాను. "ప్రభువు సమాధిలోంచి లేచిన తోటలో ఈ బాకా పూలున్నాయాండీ? మీరేమన్నా చూసొచ్చారా?"

ఆవిడ చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ అడిగారు:

"మరి వేపచెట్టుందా నాయనా?"