మిక్సీకి ఎదురు నిలిచిన గిటారు

"ఇవాళ నువ్వసలు వాయించావా?" అని మైకన్న అడిగేసరికి తీగలాయనకి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. రెండున్నర గంటలు వేదిక మీద నిలబడి వేళ్ళు వాచేలా వాయించాడు. చెమటకి తడిసిన చొక్కా ఇంకా ఒంటికి అతుక్కునే ఉంది. అప్పుడా ఆ మాట?

మైకన్న అంటే ఆ బృందానికి పెద్ద, పాడేదీ ఆయనే. ఒకసారి మైకు చేతికందిందంటే లాక్కుంటే తప్ప వదలడు గనక ఆ పేరు స్థిరపడింది. తీగలాయన మామూలు రోజుల్లో కళ్ళద్దాల కొట్టులో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. సెలవు రోజుల్లో ఈ బృందంలో గిటారు వాయిస్తాడు. పదకొండేళ్ళ నుంచీ ఆయన బతుక్కి కాస్త ఊపిరాడేది ఆ రెండున్నర గంటలే.

"వాయించానన్నా. ఆఖరి పాటలో మధ్య ముక్కంతా నాదేగా!"

"ఏమో మరి, నాకైతే వినబడలేదు. చూడూ, వచ్చేసారీ ఇలాగే ఉంటే నీ గిటారునీ ఇందులో పెట్టేస్తా" అంటూ మైకన్న తన లాప్‌టాప్ మూత మీద ముద్దుగా తట్టాడు.

బృందంలో వేణువు వాయించే పెద్దాయన్ని అందులో పెట్టింది ఆ తట్టిన చేతులే. ఒక పూట ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, పాటలన్నీ రికార్డు చేయించుకుని, "ఈ వయసులో మీకెందుకండీ ఈ తిరుగుడు? విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. విశ్రాంతట, విశ్రాంతి! ఛీ! ఆయన వేణువేమో లాప్‌టాప్‌లోంచి మోగుతూనే ఉంది. ఆయనేమో ప్రతి కచేరీకీ వచ్చి, చంకలో వేణువు సంచితో మూడో వరసలో కూర్చుని, తన పాటకి తనే చప్పట్లు కొట్టుకుంటున్నాడు.

ఇంటికొచ్చి తీగలాయన తన పెట్టె ముందు కూలబడ్డాడు. ఇస్త్రీ బల్ల మీద ఉండే ఆ నల్లటి పెట్టెలోనే ఆయన సంసారమంతా ఉంది. గిటారు వైరు దానికి తగిలించి, మీటలు తిప్పి, పాటకొక రకం ధ్వని తయారుచేసి, నంబరేసి దాచుకోవాలి. వేదిక మీద కాలితో ఆ నంబరు తొక్కితే ఆ ధ్వనే వస్తుంది. ఆర్నెల్ల ఆదివారాలు ధారపోసి పద్నాలుగు తయారుచేశాడు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాస్త గంభీరం, కాస్త గుయ్యిమనే ప్రతిధ్వని, ఇంకాస్త మెత్తదనం కలిపి, ఆఖరికి ఆ హెడ్‌ఫోన్లు భార్య చెవులకి పెట్టేవాడు. ఆవిడ కళ్ళు మూసుకుని "అబ్బ, ఎంత కమ్మగా ఉందండీ!" అంటేనే దాచేవాడు. లేకపోతే చెరిపేసి మళ్ళీ మొదలు. ఆవిడ ఒప్పుకోని ధ్వని ఆ పెట్టెలో ఒక్కటీ లేదు.

ఇంత చేస్తే వినబడలేదంటాడా! ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, అదీ తన గిటారు బతుకు. ఆ మైకన్న మొహమంటే రోత, ఈ పెట్టె అంటే రోత, దీన్ని నమ్ముకున్న తన తెలివంటే అన్నిటికన్నా రోత.

హెడ్‌ఫోన్లు పీకి అవతల పడేసి, స్పీకరు తగిలించి, ఆ ఆఖరి పాట ముక్క విసురుగా వాయించాడు. అదే సమయానికి వంటింట్లో భార్య మిక్సీ తిప్పింది. మిక్సీ ఆగాక గుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, మధ్యలో ఆపేశారేం?" అంది.

"ఆపలేదే! చివరిదాకా వాయించాను."

"అయ్యో, మిక్సీలో నాకేం వినబడలేదు."

తీగలాయన చెయ్యి గిటారు మీద అలాగే ఉండిపోయింది. డ్రమ్ములు, కీబోర్డు, మైకన్న గొంతు... వేదిక మీద తన చుట్టూ ఉండేది మిక్సీ కాక మరేమిటి? ఒంటరిగా కూర్చుని వింటే కమ్మగా ఉన్న ఆ మెత్తదనమే, పదిమందిలో పడేసరికి చప్పుడు కింద నలిగి చస్తోంది.

"మళ్ళీ తిప్పు" అన్నాడు.

"గిన్నెలో ఏం లేదండీ."

"ఉత్తిదే తిప్పవే తల్లీ!"

ఆవిడ వింతగా చూసి ఉత్త మిక్సీ తిప్పింది. ఇటు తీగలాయన గంభీరం తీసేశాడు. ప్రతిధ్వని పూర్తిగా కట్టేశాడు. ఎన్నడూ ముట్టుకోని మధ్య స్వరాల మీట పైకి తిప్పుకుంటూ పోయాడు. "ఇప్పుడో?" "ఊహూ." "ఇప్పుడు?" "కాస్త కాస్త." ఇంకొంచెం తిప్పాడు. "ఆఁ! వినబడుతోంది!" అని ఆవిడ కేకేసి మిక్సీ ఆపింది.

మిక్సీ ఆగగానే మిగిలిన చప్పుడుంది చూశారూ, అది మనిషన్నవాడు వినేది కాదు. రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టుంది. ఆవిడ చెవులు మూసుకుని, "ఛీ ఛీ, ఇదేం రోతండీ బాబూ!" అంది. పక్కగదిలోంచి అత్తగారు, "అమ్మాయ్, కుళాయి ఏదో పాడైనట్టుంది చూడవే!" అని అరిచింది.

తీగలాయనకీ వాంతొచ్చినంత పనయింది. పదకొండేళ్ళ సాధకం చివరికి దీనికా? అయినా పళ్ళు బిగబట్టి, పదిహేనో నంబరు కింద ఆ దరిద్రాన్ని దాచాడు.

ఆ తరవాతి ఆదివారం మధ్యాహ్నం, ఒక కంపెనీ వాళ్ళ సమావేశంలో, ఆఖరి పాట మధ్యలో పదిహేను తొక్కాడు. అంతే! ఆ మేకుల డబ్బా డ్రమ్ముల మధ్య నుంచి, కీబోర్డు మీద నుంచి దూసుకుపోయి ఆఖరి వరస గోడకి తగిలింది. ఇంట్లో విన్న రోత ఏమైపోయిందో! జనం ఈలలేశారు. మైకన్న మొదటిసారి మైకు దించి వెనక్కి తిరిగి చూశాడు.

కచేరీ అయ్యాక మెట్ల దగ్గర వేణువు పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. "ఇవాళ బాగా వినబడ్డావయ్యా. జాగ్రత్త! నేను బాగా వినబడిన రోజే నన్ను ఇంటికి పిలిచాడు."

ఆయన మాట నోట్లో ఉండగానే మైకన్న వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "అదరగొట్టావురా తమ్ముడూ! ఇదే ధ్వనితో పాటలన్నీ ఇంట్లో రికార్డు చేసి పంపించెయ్. వచ్చేవారం నుంచి నీకీ మోత తప్పుతుంది. హాయిగా విశ్రాంతి తీసుకో."

వినబడకపోతే తీసేస్తానన్నాడు. వినబడితే తీసేస్తున్నాడు! తీగలాయన ఆ చేతిని భుజం మీద నుంచి బల్లిని దులిపినట్టు దులిపేశాడు. నోరు తెరిస్తే బూతులొచ్చేలా ఉన్నాయి. "అలాగే అన్నా" అని మాత్రం అన్నాడు.

మర్నాడు రికార్డు చేయడానికి కూర్చున్నాడు. పదిహేనో నంబరు దాకా వెళ్ళిన వేలు ఆగింది. వెనక్కొచ్చింది. ఒకటి నుంచి పద్నాలుగు దాకా, తన భార్య కళ్ళు మూసుకుని మెచ్చుకున్న ఆ కమ్మటి ధ్వనులతోనే పాటలన్నీ శ్రద్ధగా వాయించి పంపించాడు. మోసం చేస్తున్నానా అని ఒక్కసారి అనిపించింది. వేణువు సంచి గుర్తొచ్చి, ఆ అనుమానం కాస్తా పోయింది. సాయంత్రానికి మైకన్న ఫోన్. "హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నానురా. తేనె! తేనెలా ఉంది!"

ఆదివారం కచేరీ వేళకి తీగలాయన వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాడు. పిలవని పేరంటానికి వెళ్ళడం ఆయనకి చేతకాదు. ఇంటికి పది నిమిషాల దూరంలోనే హాలు. సరిగ్గా మధ్య విరామం వేళకి ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఏం పంపించావురా? గిటారు వినబడి చావట్లేదు! పెంచితే నా గొంతు మునిగిపోతోంది, తగ్గిస్తే అది మాయం!"

"అదేంటన్నా? ఇంట్లో విన్నప్పుడు తేనెలా ఉందన్నావుగా?"

మైకన్న గొంతు తగ్గింది. "పెట్టె పట్టుకుని వచ్చెయ్ తమ్ముడూ. ఆఖరి పాటకైనా అందుకో."

"వస్తా. మూడో వరసలో వేణువు పెద్దాయన ఉంటాడు. సంచి కూడా ఆయన చంకలోనే ఉంటుంది. ముందు ఆయన్ని వేదిక మీదకి పిలువు. ఆ పిలుపు నాకు ఫోన్‌లో వినబడాలి."

వినబడింది. మైకులోంచే వినబడింది. జనం చప్పట్లు కూడా వినబడ్డాయి. తీగలాయన లేచి పెట్టె చంకన పెట్టుకున్నాడు. పదిహేనో నంబరు తలుచుకుంటే ఆయనిప్పటికీ మొహం చిట్లిస్తాడు. చిట్లించిన మొహంతోనే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.