మిమ్మల్నెవరు చూస్తారు?

సుందరరాజు మాస్టారు ఎవరు కనబడినా అడిగేది ఒకటే ప్రశ్న: "మిమ్మల్నెవరు చూస్తారు?" నమస్కారం అయ్యాక అడిగేవారు, ఒక్కోసారి నమస్కారానికి ముందే. అదీ నిలబడి. ఆయన కుర్చీలో కూర్చోగా బందరులో చూసినవాళ్ళు లేరు. స్కూల్లో ఆయన కుర్చీ మీద చాక్‌పీసుల డబ్బా కూర్చునేది. పక్క క్లాసులో లెక్కలు చెప్పే నేను, ఆయన పచార్ల చప్పుడు వినీ వినీ, ఎక్కాలు కూడా ఆ తాళంలోనే చెప్పించేవాణ్ణి.

ఒకసారి ఉయ్యూరు బస్సులో డ్రైవరు వెనక నిలబడి, "రోడ్డు నువ్వు చూస్తావు సరే, నిన్నెవరు చూస్తారయ్యా?" అన్నారు. "ఎవరండీ అదీ?" అని డ్రైవరు వెనక్కి తిరిగాడు. బస్సు వెళ్ళి చెరుకు బండిని ముద్దెట్టుకుంది. ఆ పూట మమ్మల్ని దేవుడే చూశాడు.

చర్చిలో ఆరాధన అయ్యీ అవగానే, "అయ్యగారూ, మా తప్పులు మీరు చూస్తారు. మీ తప్పులెవరు చూస్తారు?" అని పాస్టరుగారికి అడ్డం పడ్డారు. "మా ఆవిడ" అన్నారు పాస్టరుగారు తడుముకోకుండా.

టైలరు అబ్దుల్ ఖాదర్ చొక్కా భుజం దగ్గర చిరిగి ఉండేది. "ఊరందరి చొక్కాలూ నువ్వు చూస్తావు. నీ చొక్కా ఎవరు చూస్తారు?"

"తీరిగ్గా ఉన్న తమలాంటివాళ్ళు చూస్తూనే ఉన్నారు గదండీ!" అన్నాడు ఖాదర్.

ఉపాధ్యాయులమంతా కలిసి ఆయన్ని శాసనమండలికి ఎన్నుకున్నాం. సమర్థుడని కొంత, ఊళ్ళో కాస్త ప్రశాంతంగా ఉంటుందని కొంత. అక్కడా అదే పాట. "పంచాయతీల లెక్కలు ఆడిట్ ఆఫీసు చూస్తుంది. ఆడిట్ ఆఫీసును ఎవరు చూస్తారు?" అని అడిగారట. చివరికి ఆ ఆఫీసు బడ్జెట్టూ నిర్వహణా పరిశీలించడానికి ఉభయసభల కమిటీ ఒకటి వేసి, ఆయన్నీ అందులో పడేశారు. అడిగినవాడి నెత్తినే పెట్టడం మనవాళ్ళకి అలవాటే కదా!

మండుటెండల్లో కమిటీ బందరు ఆడిట్ ఆఫీసుకి వచ్చింది. "బావా, నువ్వూ రా" అని మాస్టారు, వరసకి బావనైన నన్నూ లాక్కెళ్ళారు. ఆఫీసరు మధుసూదనరావుగారు బల్ల నిండా లడ్డూలు పెట్టించి, ఛాతీ పొంగించి నిలబడ్డారు.

"ఇచ్చిన బడ్జెట్టులో నాలుగోవంతు వెనక్కి పంపాం సార్! దివిసీమలో రెండో ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాళీగానే ఉంచాం."

"భేష్!" అన్నారు కమిటీ అధ్యక్షులు కొండలరావుగారు, లడ్డూ అందుకుంటూ. "అయితే ఆ పోస్టు రద్దు చేసేద్దాం."

"ఉన్న ఇన్‌స్పెక్టరు జీవానందం రిపోర్టులే ఆలస్యం సార్. అతన్ని ఉద్యోగంలోంచి తీసేయమని రాశాను."

ఆ జీవానందం గుమ్మం దగ్గరే ఉన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. అంత ఎండలోనూ మెడకి మఫ్లరు చుట్టుకుని వణుకుతున్నాడు. లోపల తన ఉద్యోగం ఊడుతోందని తెలిసి మరీ వణుకుతున్నాడు.

సుందరరాజుగారు బల్ల చుట్టూ మూడో ప్రదక్షిణంలో ఉన్నారు. "ఊళ్ళన్నీ మీరు చూస్తారు. మిమ్మల్నెవరు చూస్తారు?"

"తమరే సార్! తమరి కమిటీయే!" అన్నారు ఆఫీసరు. జవాబు ముందే బట్టీపట్టినట్టున్నారు.

ప్రశ్న తనకే అనుకున్నాడు జీవానందం. "నన్నాండీ? ఎవరూ లేరండీ. అమ్మ పోయిందండీ. సీమంతా నేనొక్కణ్ణే తిరగాలండీ. చలిజ్వరంతో అవనిగడ్డలో పడిపోతే హోటలాయన జావ పంపించేవాడండీ. ఆయన కూడా కూతురి పెళ్ళని హోటలు మూసి వెళ్ళిపోయాడండీ."

ఎవరో కిసుక్కుమన్నారు. కొండలరావుగారు మాత్రం లడ్డూ పళ్ళెంలో పెట్టేశారు.

సుందరరాజుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు! ఆయనకే ఏదో జబ్బు చేసిందనుకున్నాను.

"అయ్యా," అన్నారు అధ్యక్షులతో, "వీళ్ళు మిగిల్చింది బడ్జెట్టులోంచి కాదండీ, ఈ కుర్రాడి ఒంట్లోంచి."

ఆయన కోపం నేను చూడడం అదే మొదలు. అక్కడికక్కడే కమిటీ సిఫార్సులు రాసుకున్నారు: ఆ ఖాళీ భర్తీ చెయ్యాలి, జీవానందాన్ని తీసెయ్యకూడదు, జీతంతో సెలవివ్వాలి. చివరి వాక్యం మాస్టారే చెప్పారు: "ఆఫీసును కమిటీ ఏటా చూడాలి. ఆఫీసులో మనుషుల్ని కూడా చూడాలి."

రిపోర్టు ఇంగ్లీషులో రాసే కార్యదర్శి కలం ఆపాడు. "చూడడం అంటే తనిఖీ చెయ్యడమాండీ, బాగోగులు కనుక్కోవడమాండీ? ఇంగ్లీషులో దేని మాట దానికుందండీ."

"రెండూ రాయవయ్యా. ఇన్నేళ్ళుగా నేను రెండూ అడుగుతున్నాను. మీరే ఒకటి వింటున్నారు."

వారం పోయాక మాస్టారింటికి వెళ్ళాను. మాస్టారి మంచం మీద జీవానందం పడుకుని ఉన్నాడు. మాస్టారి భార్య సౌభాగ్యమ్మ జావ తాగిస్తోంది. అరుగు మీద అబ్దుల్ ఖాదర్. ఒంటిమీద కొత్త చొక్కా, ఒక చెయ్యి మోచేతి దాకా, రెండోది మణికట్టు దాటి.

"ఇదేమిటి ఖాదర్?"

"నా చొక్కా చూసేవాళ్ళు లేరని మాస్టారే కుట్టారండీ. నిలబడి కుట్టారు, అందుకే ఇలా వచ్చింది. తొడుక్కుంటే నాకు బేరాలు పోతున్నాయి, విప్పితే ఆయన ఊరుకోరు."

వాకిట్లో పచార్లు చేస్తున్న మనిషిని చూసి నాకు నవ్వూ ఆపేక్షా ఒక్కసారే వచ్చాయి. "అందర్నీ మీరే చూస్తే, మిమ్మల్నెవరు చూస్తారు బావగారూ?" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోపే లోపల్నించి సౌభాగ్యమ్మ కేకేసింది: "ఒక్కచోట ఉంటే గదా అన్నయ్యగారూ, చూడ్డానికి!"