ఇంటూ మార్కు పడని టిక్కీలు

బోటనీలో డిగ్రీ చేసి, మిరపకాయల్ని చెవి దగ్గర పెట్టుకుని వినే ఉద్యోగంలో చేరాను. గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో సరుకు చూసే పని. రైతు తెచ్చిన టిక్కీ, అంటే మిర్చి బస్తా, కుట్టు కాస్త విప్పి, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి నాలుగు కాయలు తీస్తాను. చెవి దగ్గర ఊపుతాను. బాగా ఎండిన కాయైతే లోపల గింజలు గలగలమంటాయి. తడి కాయ మాట్లాడదు. పదకొండేళ్ళలో నాకు అర్థమైందేమిటంటే, తడి కాయ మాట్లాడని లోటు దాన్ని తెచ్చిన మనిషి తీరుస్తాడు.

నీళ్ళు కొడితే కాయ బరువెక్కుతుంది. చలిగదిలో పెట్టాక బూజు పడుతుంది, పక్కనున్న పరాయివాళ్ళ కాయను కూడా చెడగొడుతుంది. అందుకని మా దగ్గరొక పద్ధతి ఉంది. తడి తేలితే నీలం మార్కరుతో టిక్కీ మీద పెద్ద ఇంటూ మార్కు గీసి బండి వెనక్కి పంపుతాను. గోనె మీద ఆ గీత చెరగదు. చుట్టుపక్కల స్టోరేజీలన్నిటికీ దాని అర్థం తెలుసు కాబట్టి ఇంకెవరూ దింపుకోరు. మరుసటేడు ఆ మనిషి ఎండుటాకులాంటి కాయ తెచ్చినా, "నీళ్ళ కాయ మనిషి వచ్చాడు" అంటారు.

కొన్నాళ్ళకు బస్తాలో చెయ్యి పెట్టకముందే చెప్పేవాణ్ణి. అడక్కుండా టీ తెప్పించినవాడు తడి. తొందరపడేవాడు తడి. దేవుడి మీద ఒట్టేసినవాడి సరుకు పిండితే కారుతుంది. ఈ విద్యను ఇంటికి కూడా తెచ్చుకున్నాను. కూరలో ఉప్పు ఎక్కువైతే, ఎక్కువైందని కాక, ఎందుకు ఎక్కువైందా అని ఆలోచించేవాణ్ణి. మా ఆవిడ అప్పుడప్పుడు నా ముందు ఒక కాయ పెట్టి, "ఇదిగో, దీన్ని అడగండి" అనేది.

మా కాటా దగ్గర తూకం వేసే పెద్దాయన ఉన్నాడు. ఏటా శివరాత్రికి నలభై ఒక్క రోజుల ముందు శివమాల వేసుకుంటాడు. పద్దెనిమిదేళ్ళు వేశాడు కాబట్టి గురుస్వామి అయ్యాడు, కొత్తవాళ్ళకు ఆయనే మాల వేయిస్తాడు. సీజను మొదలై మేమంతా అరుచుకుంటుంటే ఆయన మాత్రం ప్రశాంతంగా ఉండేవాడు. మాలలో ఉన్నవాళ్ళకు మేనేజరు డ్యూటీ తగ్గిస్తున్నాడని నాకు గట్టి అనుమానం. నిర్ధారించుకోవడానికి ఒకటే దారి కనబడింది. నేనూ వేసుకుంటానన్నాను.

పెదకాకాని గుళ్ళో మాల వేయించాక ఆయన నియమం చెప్పాడు. "ఈ రోజు నుంచి ఎదురుపడ్డ మగవాళ్ళంతా స్వామి. ఆడవాళ్ళంతా మాత. పేరు పెట్టి పిలవకూడదు, ఒరేయ్ అనకూడదు."

"మనసులో ఆ భావం రాకపోతే?"

"మనసు సంగతి నిన్నెవరడిగారు స్వామీ? నోటితో పిలువు. చాలు."

ఇంత సులువుగా ఉందంటే ఏదో ఉందనుకున్నాను.

ఇంట్లో చెప్పగానే మా ఆవిడ అడిగింది: "నన్ను కూడా మాత అనాలా?"

"నియమం."

"అయితే వేసుకోండి. పెళ్ళయ్యాక ఇంత మర్యాద మళ్ళీ దొరకదు."

డ్యూటీ తగ్గలేదు. మొదటి రోజే అనుమానం తీరిపోయింది, మాల మాత్రం మెడలో ఉండిపోయింది. తెల్లవారకముందే చన్నీళ్ళు, సిమెంటు మీద ఉత్తకాళ్ళు, రాత్రికి అల్పాహారం. ఆ అల్పాహారం అన్న మాటకు ఎనిమిది ఇడ్లీలు అని నేను అర్థం చెప్పుకున్నాను. దాని మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు. రోడ్డు మీద బైకు అడ్డంగా పోనిచ్చినవాణ్ణి "స్వామీ, కళ్ళు కనబడటం లేదా?" అనాల్సి వచ్చేది. ఆ స్వామీతో మొదలుపెడితే తిట్టు సగంలోనే చల్లారిపోయేది. నాకది ఇబ్బందిగా ఉండేది.

ఇరవై ఆరో రోజున ఒకావిడ చిన్న ట్రాలీ ఆటోలో టిక్కీలు తెచ్చింది. ఆవిడకు నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. కౌలు రైతు. మనిషి గేటు దగ్గర ఉండగానే గొంతు లోపలికి వచ్చింది. నేను కాయ తీసి ఊపుతుంటే నడుం మీద చెయ్యేసుకుని చూసింది.

"ఏంది సామీ, నువ్వు కాయకి మంత్రం చెబుతున్నావా, కాయే నీకు చెబుతుందా?"

కాయ ఏమీ చెప్పలేదు. రెండో టిక్కీ, మూడోది, అన్నీ మూగవే.

"మాతా, మీ కాయ తడిగా ఉంది."

"మంచు సామీ. తెల్లారగట్ట ఎత్తాం."

"మంచు పైన పడుతుంది మాతా. అడుగున పడదు."

"మా ఊళ్ళో మంచు అట్టానే పడిద్ది."

బస్తాలు మోసే ముఠావాళ్ళు నవ్వారు. నా చెయ్యి జేబులో మార్కరు మీదికి పోయింది. ఇలాంటప్పుడు నేను ఎప్పుడూ అనే వాక్యం ఒకటుంది: ఎవర్ని మోసం చేద్దామని? అది నాలుక మీదికి వచ్చింది. "మాతా, ఎవర్ని..." దగ్గర ఆగిపోయింది. ముఠాలో ఒకడు చెవి ముందుకు పెట్టాడు.

"కానీండి స్వామీ. మాతని దొంగ అనండి, ఎట్టా ఉంటదో విందాం."

మొదలుపెట్టిన వాక్యం ఎలాగోలా పూర్తి కావాలి కదా. పదకొండేళ్ళలో ఎవర్నీ అడగని మాట నోట్లోంచి వచ్చింది.

"ఎందుకు తడిపారు మాతా?"

ఆవిడ గొంతు తగ్గింది. టిక్కీల్లో కాయ తొక్కడానికి వచ్చినవాళ్ళు, కాయ మరీ పెళుసుగా ఉంది, కాలు పెడితే పొడైపోద్ది, కాసిని నీళ్ళు చల్లమన్నారట.

"చల్లా. చెయ్యి కొంచెం ఎక్కువైంది."

నిజమే, నీళ్ళు చిలకరించి మెత్తబరచడం అందరూ చేసేదే. కానీ ఆ "కొంచెం"లో పొరపాటు ఎంతో, తెలివి ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ నా జేబు వైపు చూసింది.

"ఎనక్కి పొమ్మంటే పోతా సామీ. ఆ గీత మాత్రం గీయమాక. గీత పడితే ఎవరి చేలో కాయ అని అడుగుతారు. ఆసామి పరువు పోయిందంటాడు. వచ్చే ఏడు నాకు చేను ఇయ్యడు."

నేను గురుస్వామి వైపు చూశాను. ఆయన కాటా వైపు అప్పుడే కొత్తగా కనిపెట్టినట్టు చూస్తున్నాడు.

తడి కాయ లోపల పెట్టడం కుదరదు. అది పరాయి రైతులకు ద్రోహం. గీత గీయకుండా పంపితే పక్క స్టోరేజీలో దింపుతుంది, అదీ ద్రోహమే. మా షెడ్డు ముందు సిమెంటు కళ్ళం ఖాళీగా ఉంది. "ఇక్కడే ఆరబోసుకోండి మాతా, ఎండాక చూద్దాం" అన్నాను. మేనేజరుతో నా పూచీ అని చెప్పాను. ఆయన నా మెళ్ళో మాల చూసి, మాల వేసుకున్నవాళ్ళతో వాదనెందుకని ఒప్పుకున్నాడు. అంటే నా మొదటి అనుమానం మరీ ఉత్తది కాదు.

రెండు రోజులు కాయ ఎండింది. ఖాళీ దొరికినప్పుడల్లా నేనూ వెళ్ళి కాళ్ళతో తిరగేశాను. సాయమా, కాపలానా అని ఎవరైనా అడిగి ఉంటే రెండూ అని చెప్పేవాణ్ణి. దగ్గర్లో నీళ్ళ కుళాయి ఉంది, దాని మీద ఒక కన్ను వేసే ఉంచాను. ఎవరూ అడగలేదు, ఆవిడ తప్ప.

"నీకేం కావాల సామీ?"

"ఏమీ వద్దు మాతా."

"ఏమీ ఒద్దనేవాళ్ళే చివర్న పెద్దది అడుగుతారు."

నాకు ముచ్చటేసింది. మనిషిని చూసి చెప్పే విద్యలో ఆవిడ నాకు సీనియరు. నేను మంచినీళ్ళ సీసా ఇస్తే మూత వాసన చూసి తాగింది. చేటలో కాయ తీసుకుని పక్కన కూర్చుంటే చేట కొంచెం తన వైపు లాక్కుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే కాయకు ఎలా ఉంటుందో ఆ రెండు రోజుల్లో కాస్త తెలిసింది. ఎంత గలగలలాడినా వినేవాళ్ళు నమ్మాలి కదా.

రెండో రోజు గురుస్వామిని పక్కకు పిలిచి అడిగాను. "ఆవిడ కావాలనే తడిపిందంటారా?"

"తెలిస్తే ఏం చేస్తావు స్వామీ?"

"తెలిస్తే..." అన్నాను.

"తూకం వేయడం నా పని. నువ్వు కాయ చూసుకో."

అప్పటిదాకా నేను విన్న భక్తి కథలన్నిట్లో అనుమానపడ్డ మనిషి చివరికి నిర్దోషి అవుతాడు. అనుమానించినవాడు కళ్ళు తుడుచుకుంటాడు. నిర్దోషి అని తేలాక దయ చూపడానికి దీక్ష ఎందుకు, మామూలు సిగ్గు చాలు. ఈవిడ తడిపింది. ఒప్పుకుంది కూడా, కొంచెం తగ్గించి. నేను కూడా ఎనిమిది ఇడ్లీలని కొంచెం తగ్గించే అల్పాహారమన్నాను. ఇద్దరం ఒకే కళ్ళంలో ఉన్నాం, ఆవిడ కాయ మాత్రం త్వరగా ఎండింది.

సాయంత్రం మళ్ళీ చూశాను. పైది, మధ్యది, అడుగుది. గలగలమన్నాయి. గీత పడకుండా టిక్కీలు లోపలికి వెళ్ళాయి. ఆవిడ థాంక్స్ చెప్పలేదు. ఆటో ఎక్కుతూ, "దండ తీసేశాక కూడా ఇట్టానే ఉంటావా?" అంది.

"హామీ ఇవ్వలేను మాతా."

"అట్టా చెప్పు. ఇప్పుడు కాస్త నమ్మకం కలిగింది."

శివరాత్రికి శ్రీశైలంలో మాల తీశాను. తిరుగు బస్సులో మధ్యాహ్నానికల్లా ఒరేయ్ తిరిగి వచ్చేసింది. పెద్ద మార్పు వచ్చిందని రాసుకుంటే మా ఆవిడ చదువుతుంది, కాబట్టి రాయను. మార్కరు ఇప్పటికీ జేబులోనే ఉంది. గీయాల్సినప్పుడు గీస్తున్నాను. కాకపోతే మూత తీసే ముందు ఎందుకు తడిపారని అడుగుతున్నాను. కొందరు చెప్పేవి నిఖార్సైన అబద్ధాలు. అవి కూడా చివరిదాకా వింటున్నాను. ఎండబెట్టుకుంటామన్నవాళ్ళకు కళ్ళం ఇస్తున్నాను. ఎక్కువమంది వద్దని వెళ్ళిపోతారు. కొందరు ఉంటారు.

మరుసటి సీజనులో ఆవిడ మళ్ళీ వచ్చింది. అదే చేను, అదే ఆటో. నేను వెళ్ళేసరికి అన్నిటికన్నా కిందున్న టిక్కీని బయటికి లాగించి, కుట్టు తనే విప్పి పెట్టింది.

"కాయ ఎట్టా వచ్చింది మాతా?" అన్నాను. మాల లేదు, మాట వచ్చేసింది.

"నన్నడుగుతావేంది, దాన్నడుగు."

చెయ్యి పెట్టకుండా లోపలికి పంపానని రాస్తే ఈ రాతకు అందంగా ఉండేది. కొంచెంసేపు అలా నిలబడ్డాను కూడా. ఆవిడే విసుక్కుంది.

"పెట్టు సామీ చెయ్యి. పెట్టకపోతే నాకు నీ మీద అనుమానం వచ్చిద్ది."

అడుగుదాకా పెట్టాను.