ఎనిమిది దగ్గర ఆగిన లెక్క

పిల్లల క్యాన్సర్ వార్డులో ఆ పెద్ద నర్సును అందరూ గొట్టాలక్క అంటారు. పిల్లల ఛాతీలోంచి గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి వెళ్ళే సన్నటి గొట్టాలను పద్దెనిమిదేళ్ళుగా కంటికి రెప్పలా చూసుకుంటోంది మరి. మందులన్నీ వెళ్ళేది వాటిలోంచే. సిరంజి పెట్టే ముందు గొట్టం మూతను స్పిరిట్ దూదితో పదిహేను లెక్కపెట్టేదాకా రుద్దాలి. పిల్లలు కూడా గొంతు కలుపుతారు. పద్నాలుగు దగ్గర ఆపిన కొత్త నర్సుకు ఆవిడ చేతిలో మూడినట్టే.

అలాంటిది ఒక సోమవారం, గొట్టంలోకి సెలైన్ ఎక్కించిన అరగంటకే ఆరేళ్ళ పిల్ల గజగజ వణికింది. జ్వరం నూట మూడు.

"ఫ్యాను గాలేమో సిస్టర్," అంది తల్లి బిక్కమొహం వేసి.

"ఫ్యాను పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉందిగా తల్లీ. సెలైన్ ఎక్కించాకే వణికింది. క్రిమి గొట్టంలోనే దూరుంటుంది."

క్రిమి ఎక్కడుందో తేలడానికి గొట్టంలోంచీ, చేతిలోంచీ విడివిడిగా రక్తం తీసి పరీక్షకు పంపింది. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగకపోతే గొట్టం తీసేయాలి, క్యాన్సర్ మందు ఆపాలి అన్నాడు డాక్టరు.

సాయంత్రం పిల్ల నీరసంగా అంది: "అక్కా, మొన్న శనివారం నువ్వు ఎనిమిది దాకానే లెక్కపెట్టావు."

గొట్టాలక్కకు గుర్తొచ్చింది. నిజమే. పక్క మంచం పిల్లాడు వాంతి చేసుకుంటుంటే అటు పరుగెత్తింది. చేతులు కడుక్కుని వచ్చి, రుద్దడం అయిపోయిందనుకుని సిరంజి పెట్టేసింది.

మూడోనాటికి క్రిమిని చంపే మందు పనిచేసి జ్వరం దిగింది. గొట్టం దక్కింది. అప్పుడు ఆవిడ డాక్టరు దగ్గర విషయం బయటపెట్టింది.

"దానివల్లే అని ఎవరు చెప్పగలరు? పిల్ల బాగుంది కదా, ఇప్పుడు తల్లికి చెప్పి రచ్చ ఎందుకమ్మా?" అన్నాడాయన.

ఆవిడకూ భయంగానే ఉంది. ఉద్యోగం పోతుందని కాదు, ఆ తల్లి ఇక తనను పిల్లను ముట్టుకోనివ్వదేమోనని. అయినా వెళ్ళి, నసగకుండా చెప్పేసింది.

తల్లి మంచం అంచు పట్టుకుంది.

"మొన్న స్నానం చేయిస్తుంటే గొట్టం మీది కట్టు కాస్త తడిసింది సిస్టర్. నావల్లే ఇదంతా అనుకున్నా. మూడు రోజులుగా ముద్ద దిగలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు," అని భోరుమంది.

గొట్టాలక్క పక్కనే కూలబడింది. మొదటిరోజే తెలిసిన మాటను మూడు రోజులు దాచుకున్నందుకు, లెక్క తప్పినందుకన్నా ఎక్కువ సిగ్గుపడింది.